పాఠం 9: చూసి సరిదిద్దడం – నియంత్రణ వ్యవస్థల పరిచయం

9.1 పరిచయం

మీ ఇంటి మేడ మీద నీళ్ల ట్యాంకు ఉందా? ఉంటే ఒకసారి మూత తీసి లోపలికి చూడండి. నీటిపై ఒక బంతి తేలుతూ ఉంటుంది. నీటిమట్టం పెరిగితే బంతి పైకి లేచి కుళాయిని మూస్తుంది. మట్టం తగ్గితే బంతి కిందికి దిగి కుళాయిని తెరుస్తుంది. దగ్గర ఎవరూ కాపలా లేకపోయినా ట్యాంకు పొంగదు, ఎండదు.

ఇప్పుడు గుజరాత్‌లోని హజీరాకు వెళదాం. సూరత్ నగరానికి పడమరగా, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట ఈ పారిశ్రామిక ప్రాంతం ఉంది. సముద్రగర్భంలోని బసీన్ క్షేత్రం నుంచి సహజవాయువు గొట్టాల ద్వారా ఇక్కడికి చేరుతుంది. హజీరా–విజయపూర్–జగదీశ్‌పూర్ వాయు గొట్టపు మార్గం మొదలయ్యేది ఇక్కడే. క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం 1986 నుంచి ఇక్కడ యూరియా తయారుచేస్తోంది. ఉక్కు, పెట్రోరసాయనాలు, భారీ యంత్రాల కర్మాగారాలు కూడా ఇక్కడ ఉన్నాయి. ఇలాంటి కర్మాగారాల్లో పీడనం, ఉష్ణోగ్రత, ప్రవాహం, మట్టం వంటి విలువలను వందల చోట్ల రాత్రింబగళ్లు అదుపులో ఉంచాలి. ఆ పని చేసే వ్యవస్థల మూలసూత్రం మీ ట్యాంకులోని బంతి సూత్రమే. ఆ సూత్రం ఏమిటో, దాన్ని అజాగ్రత్తగా వాడితే ఏం జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

9.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వివృత వలయ, సంవృత వలయ నియంత్రణల మధ్య తేడా చెప్పగలుగుతారు;
• నియంత్రణ వలయంలోని భాగాలను గుర్తించగలుగుతారు;
• అనుపాత నియంత్రణలో కొంత దోషం ఎందుకు మిగిలిపోతుందో లెక్కతో చూపగలుగుతారు;
• ఆలస్యం ఉన్నచోట అతిగా సరిదిద్దడం ఎందుకు ప్రమాదమో వివరించగలుగుతారు;
• ముందస్తు నియంత్రణ అవసరాన్ని ఉదాహరణలతో తెలుపగలుగుతారు.

9.3 వివృత వలయం, సంవృత వలయం

వీధి దీపాలను సాయంత్రం 6 గంటలకు వెలిగించి, ఉదయం 6 గంటలకు ఆర్పే గడియారాన్ని ఊహించండి. మబ్బు పట్టి 5 గంటలకే చీకటి పడినా అది దీపాలు వెలిగించదు. తాను చేసిన పనికి ఫలితం ఏమిటో అది చూడదు. ఇది వివృత వలయ నియంత్రణ.

ట్యాంకులోని బంతి అలా కాదు. అది ఫలితాన్ని, అంటే నీటిమట్టాన్ని, చూసి దాన్నిబట్టి కుళాయిని కదుపుతుంది. ఫలితం తిరిగి వచ్చి కారణాన్ని మారుస్తుంది. ఇలా తిరిగి వచ్చే సమాచారాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. ఇది సంవృత వలయ నియంత్రణ.

సూరత్ మరమగ్గాల మీద తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన ఎన్నో నేత కుటుంబాలు బతుకుతున్నాయి. మీరు అలాంటి కుటుంబం నుంచి వచ్చినవారైతే ఈ విషయం మీకు తెలిసే ఉంటుంది: పేక దారం తెగితే మగ్గం ఆగిపోతుంది. దారం ఉందో లేదో తడిమి చూసే చిన్న ఫోర్కు ఒకటి అక్కడ ఉంటుంది. అది లేకపోతే మగ్గం ఉత్తినే ఆడుతూ గుడ్డను పాడుచేస్తుంది. "చూడటం" అనే ఒక్క పని చేర్చగానే యంత్రం తీరు ఎంత మారిందో గమనించండి.

9.4 వలయంలోని భాగాలు

ఎరువుల కర్మాగారంలో ఆవిరి తయారయ్యే బాయిలరును తీసుకుందాం. బాయిలరు పైభాగంలో డ్రమ్ము అనే పెద్ద ఉక్కు పాత్ర ఉంటుంది. అందులో సగం వరకు నీరు, పైన ఆవిరి ఉంటాయి. అమ్మోనియా కర్మాగారాల్లో ఈ ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 100 రెట్లు ఉంటుంది. నీటిమట్టం బాగా తగ్గితే గొట్టాలకు నీరు అందక అవి ఎర్రగా కాలి పగిలిపోవచ్చు. మట్టం బాగా పెరిగితే ఆవిరితోపాటు నీటిబొట్లు టర్బైనులోకి వెళ్లి దాని రెక్కలను దెబ్బతీస్తాయి. కాబట్టి మట్టాన్ని ఒక ఇరుకైన హద్దులో నిలపాలి. ఆ వలయంలోని భాగాలు ఇవి:

1. ప్రక్రియ: డ్రమ్ము, అందులోని నీరు.
2. కొలిచే సాధనం: మట్టాన్ని కొలిచి సంకేతం పంపుతుంది. బంతి ట్యాంకులో ఈ పని బంతిదే.
3. నిర్దేశిత విలువ: మనకు కావలసిన మట్టం.
4. నియంత్రకం: కావలసిన మట్టం నుంచి ఉన్న మట్టాన్ని తీసివేసి, దోషాన్ని లెక్కగట్టి, ఏం చేయాలో నిర్ణయిస్తుంది.
5. చర్య చేసే సాధనం: నీరు పంపే కవాటం.

వీటితోపాటు మన చేతిలో లేని మార్పులు కూడా ఉంటాయి. కర్మాగారంలో మరోచోట ఆవిరి ఒక్కసారిగా ఎక్కువ కావలసి రావడం అలాంటిదే. వీటిని విక్షోభాలు అంటారు. విక్షోభాలు లేకపోతే నియంత్రకం అవసరమే ఉండదు. కవాటాన్ని ఒకసారి సరిచేసి వదిలేస్తే చాలు.

పాఠ్యాంతర ప్రశ్నలు 9.1
1. ఇస్త్రీ పెట్టెలోని థర్మోస్టాట్ ఏ రకం వలయానికి ఉదాహరణ? ఎందుకు?
2. బంతి ట్యాంకులో విక్షోభం ఏది?

9.5 ఎంత సరిదిద్దాలి?

దోషం ఎంత ఉంటే అందుకు తగినంత సరిదిద్దడం తేలికైన పద్ధతి. దీన్ని అనుపాత నియంత్రణ అంటారు. ఒక లెక్క చూద్దాం.

ఒక ట్యాంకులో మట్టం 100 సెం.మీ. ఉండాలి. మామూలుగా నిమిషానికి 20 లీటర్లు వస్తాయి, 20 లీటర్లు పోతాయి. మట్టం 1 సెం.మీ. తగ్గినప్పుడల్లా నియంత్రకం నిమిషానికి మరో 2 లీటర్లు అదనంగా పంపుతుంది. ఇప్పుడు వాడకం 26 లీటర్లకు పెరిగిందనుకోండి. మట్టం తగ్గడం మొదలవుతుంది. ఎక్కడ ఆగుతుంది? వచ్చే నీరు, పోయే నీరు సమానమైనచోట:

20 + (2 × దోషం) = 26

దోషం = 3 సెం.మీ. అంటే మట్టం 97 సెం.మీ. వద్ద నిలిచిపోతుంది. 100కు తిరిగి రాదు. ఎందుకు? దోషం సున్నా అయితే అదనపు 6 లీటర్లు పంపమని చెప్పేది ఏదీ ఉండదు. మిగిలిపోయిన ఆ 3 సెం.మీ. దోషమే కవాటాన్ని తెరిచి పట్టుకుని ఉంది.

సెంటీమీటరుకు 2 లీటర్లకు బదులు 6 లీటర్లు పంపితే దోషం 1 సెం.మీ.కు తగ్గుతుంది. ఈ గుణకాన్ని గెయిన్ అంటారు. అయితే గెయిన్‌ను ఎంత కావాలంటే అంత పెంచుకుంటూ పోవచ్చా? ఈ ప్రశ్నకు జవాబే ఈ పాఠంలో ముఖ్యమైన విషయం.

9.6 ఆలస్యం చేసే చేటు

నియంత్రకానికి అందే సమాచారం కొంచెం పాతదైతే ఏం జరుగుతుందో చూద్దాం. ప్రతి నిమిషం సరిదిద్దుతున్నాం, కానీ మనకు తెలిసేది ఒక నిమిషం కిందటి దోషం. కాబట్టి

కొత్త దోషం = ఇప్పటి దోషం – (గెయిన్ × నిమిషం కిందటి దోషం)

మొదటి రెండు కొలతల్లో దోషం 8 సెం.మీ. అనుకుని, కాగితం మీద మీరే లెక్క వేయండి. ఈ విలువలు వస్తాయి:

గెయిన్ 0.25 అయితే: 8, 8, 6, 4, 2.5, 1.5, 0.875
గెయిన్ 1 అయితే: 8, 8, 0, –8, –8, 0, 8
గెయిన్ 1.5 అయితే: 8, 8, –4, –16, –10, 14, 29

మొదటి వరుసలో దోషం నెమ్మదిగా తగ్గిపోయింది. రెండో వరుసలో అది ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. మూడో వరుసలో ఊగుడు పెరిగిపోతోంది; ట్యాంకు పొంగుతుంది లేదా ఎండుతుంది. మూడింటిలోనూ ట్యాంకు ఒకటే, కొలత ఒకటే. మారింది సరిదిద్దే తొందర మాత్రమే. ఊగుడు పెరగని లక్షణాన్ని స్థిరత్వం అంటారు.

ఇది మీకు అనుభవంలో ఉన్నదే. గీజరు నుంచి కుళాయి దూరంగా ఉంటే వేడినీళ్లు వెంటనే రావు. చల్లగా ఉన్నాయని కుళాయి ఇంకా తిప్పుతాం. తరువాత వచ్చిన నీళ్లకు ఒళ్లు కాలుతుంది. వెంటనే వెనక్కి తిప్పుతాం; మళ్లీ వణుకుతాం. తప్పు కుళాయిది కాదు. ఫలితం చేరకముందే మళ్లీ సరిదిద్దడం వల్ల వచ్చింది. గుర్తుంచుకోండి: ఆలస్యం ఎక్కువైతే గెయిన్ తక్కువ ఉండాలి.

మరి మిగిలిపోయే దోషం సంగతి ఏమిటి? దానికి రెండో చర్య ఉంది. దోషాన్ని కాలంతోపాటు కూడుతూ, ఆ మొత్తాన్నిబట్టి కవాటాన్ని కదపడం. ఇది సమాకలన చర్య. దోషం ఉన్నంతసేపు మొత్తం మారుతూనే ఉంటుంది కాబట్టి చివరకు దోషం సున్నా అవుతుంది. మూడోది అవకలన చర్య. ఇది దోషం ఎంత వేగంగా మారుతోందో చూసి ముందే పగ్గం బిగిస్తుంది. ఈ మూడూ కలిసిన నియంత్రకాన్ని పి.ఐ.డి. నియంత్రకం అంటారు. ఓడల చుక్కానిని నడపడం గురించి మినోర్‌స్కీ 1922లో దీన్ని గణితరూపంలో వివరించాడు. అంతకు ముందే 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్ల గవర్నరు అమర్చాడు. కొన్ని గవర్నర్లు ఎందుకు ఊగిసలాడుతాయో 1868లో మాక్స్‌వెల్ సమీకరణాలతో చూపాడు. గెయిన్ విలువలను ఎంచుకునే ఆచరణ నియమాలను జీగ్లర్, నికొల్స్ 1942లో ఇచ్చారు.

పాఠ్యాంతర ప్రశ్నలు 9.2
1. 9.5లోని లెక్కలో గెయిన్ సెంటీమీటరుకు 3 లీటర్లయితే మట్టం ఎక్కడ నిలుస్తుంది?
2. 9.6లోని లెక్కలో గెయిన్ 0.5 అయితే మొదటి ఏడు విలువలు రాయండి. వ్యవస్థ స్థిరమేనా?

9.7 కన్ను మోసపోయినప్పుడు

మళ్లీ బాయిలరు దగ్గరికి వద్దాం. కర్మాగారంలో ఆవిరి వాడకం ఒక్కసారిగా పెరిగింది. డ్రమ్ములో పీడనం పడిపోతుంది. పీడనం తగ్గగానే నీటిలోని ఆవిరి బుడగలు ఉబ్బుతాయి. పాలు పొంగినట్లు నీటిమట్టం పైకి లేస్తుంది. నిజానికి డ్రమ్ములో నీరు తగ్గుతోంది. కానీ మట్టం పెరిగినట్లు కనబడుతోంది. మట్టాన్ని మాత్రమే చూసే నియంత్రకం నీరు ఎక్కువైందనుకుని కవాటాన్ని మూస్తుంది. ఇంకా నీరు పంపవలసిన సమయంలో ఉన్నదాన్ని తగ్గిస్తుంది.

దీనికి పరిష్కారం మూడు కొలతల నియంత్రణ. నియంత్రకం మట్టంతోపాటు బయటకు పోయే ఆవిరిని, లోపలికి వచ్చే నీటిని కూడా కొలుస్తుంది. ఎంత ఆవిరి పోతే అంత నీరు ముందే పంపుతుంది. మట్టం కొలతను చిన్నచిన్న తేడాలు సరిదిద్దడానికి వాడుతుంది. విక్షోభం ఫలితం దాకా చేరకముందే దాన్ని కొలిచి చర్య తీసుకోవడాన్ని ముందస్తు నియంత్రణ అంటారు.

9.8 నది కూడా ఒక వ్యవస్థే

సూరత్‌కు దాదాపు 100 కిలోమీటర్ల ఎగువన తాపీ నదిపై ఉకాయ్ ఆనకట్ట ఉంది. దాని జలాశయం కూడా ఒక ట్యాంకే. వచ్చే నీరు మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో కురిసిన వాన. కవాటాలు ఆనకట్ట గేట్లు. అయితే దీనికి రెండు లక్ష్యాలున్నాయి. సాగుకు, విద్యుత్తుకు జలాశయం నిండుగా ఉండాలి. వరదను పట్టుకోవడానికి అందులో ఖాళీ ఉండాలి. ఒకే మట్టం ఈ రెంటినీ పూర్తిగా తీర్చలేదు.

2006 ఆగస్టులో ఎగువన భారీ వానలు కురిశాయి. జలాశయం నిండుతూ వచ్చింది. చివరకు 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని వదలవలసి వచ్చింది. సూరత్ నగరంలో అధికభాగం మునిగింది. నదీముఖంలో ఉన్న హజీరా కూడా ఆ వరద దారిలోనే ఉంది. ఎన్నో ప్రాణాలు పోయాయి.

నియంత్రణ దృష్టితో చూస్తే ఇందులో మీరు చదివినవన్నీ ఉన్నాయి. జలాశయం మట్టాన్ని మాత్రమే చూసి గేట్లు తెరిస్తే అది ఫీడ్‌బ్యాక్. కానీ మట్టం పెరిగేసరికి వరద వచ్చేసి ఉంటుంది. అప్పుడు వదిలిన నీరు నగరాన్ని చేరేలోగా జనానికి మిగిలేది కొన్ని గంటలే. గేట్లు ఎంత పెద్దవైనా నది పట్టగలిగే నీటికి హద్దు ఉంది. ఎగువ వానను, ఉపనదుల ప్రవాహాన్ని ముందే కొలిచి, కొంచెం కొంచెంగా నీరు వదిలి ఖాళీ చేసుకోవడం ముందస్తు నియంత్రణ. అయితే అంచనా తప్పి వాన రాకపోతే, సాగుకు దాచిన నీరు సముద్రం పాలవుతుంది. ఏ నష్టాన్ని ఎంతవరకు భరించాలో యంత్రం చెప్పలేదు. నిర్దేశిత విలువను ఎంచుకోవలసింది మనుషులే.

9.9 మీరు నేర్చుకున్నది

• ఫలితాన్ని చూసి సరిదిద్దేది సంవృత వలయం. చూడనిది వివృత వలయం.
• అనుపాత చర్యలో కొంత దోషం మిగులుతుంది; సమాకలన చర్య దాన్ని తొలగిస్తుంది.
• ఆలస్యం ఉన్నచోట గెయిన్ పెంచితే స్థిరత్వం పోతుంది.
• కొలత ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. విక్షోభాన్ని కూడా కొలవడం మేలు.

9.10 పాఠాంత ప్రశ్నలు

1. మీ ఇంట్లో లేదా పనిచేసేచోట ఉన్న ఒక సంవృత వలయాన్ని ఎంచుకుని, దాని ఐదు భాగాలను రాయండి.
2. బాయిలరు డ్రమ్ములో మట్టం పెరిగినట్లు ఎందుకు కనబడుతుందో వివరించండి.
3. వానాకాలం మొదట్లో జలాశయాన్ని నిండుగా ఉంచాలా, ఖాళీగా ఉంచాలా? రెండు వైపుల వాదనలు రాయండి.

పాఠ్యాంతర ప్రశ్నలకు జవాబులు

9.1
1. సంవృత వలయం. పెట్టె వేడినిబట్టి విద్యుత్తును ఆపుతుంది, తిరిగి ఇస్తుంది.
2. ఇంట్లో నీటి వాడకం మారడం.

9.2
1. 20 + (3 × దోషం) = 26; దోషం 2 సెం.మీ.; మట్టం 98 సెం.మీ.
2. 8, 8, 4, 0, –2, –2, –1. కొద్దిగా ఊగినా ఊగుడు తగ్గిపోతోంది. కాబట్టి వ్యవస్థ స్థిరమే.