భారత్ ఏ కూటమిలో ఉంది? అపోహలు – వాస్తవాలు

ఉదయగిరి, ఆత్మకూరు రచ్చబండల మీద కూడా చైనా, అమెరికా మాటలు నడుస్తున్నాయి. మనం ఎవరి పక్షమో తేల్చేయాలన్న తొందరలో కొన్ని అపోహలు పాతుకుపోయాయి. 2020 నవంబరు నెల ఒక్కటి చూసినా వాటిలో చాలావరకు తొలగిపోతాయి.

అపోహ: భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలున్న క్వాడ్ అంటే ఆసియా నాటో. యుద్ధమొస్తే అమెరికా మన తరఫున దిగి తీరుతుంది.

వాస్తవం: జపాన్, ఆస్ట్రేలియాలకు అమెరికాతో రక్షణ సంధులున్నాయి. మనకు అలాంటి సంధి లేదు. ఆ నవంబరు మొదటి వారంలో ఈ మూడు దేశాల నౌకాదళాలతో కలిసి విశాఖ తీరంలో మలబార్ విన్యాసాలు చేశాం. వాటితో సమన్వయం పెరుగుతుంది. అంతేగాని ఒకరి యుద్ధంలో మరొకరు దిగాలన్న షరతేమీ లేదు. అంతకు ముందు జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది ప్రాణాలిచ్చారు. అక్కడ నిలబడి పోరాడింది మన సైనికులే.

అపోహ: షాంఘై సహకార సంస్థలో చేరడమంటే చైనాకు తలొగ్గడమే.

వాస్తవం: నవంబరు 30న ఆ సంస్థ ప్రభుత్వాధినేతల సమావేశానికి భారతదేశమే ఆన్‌లైన్‌లో ఆతిథ్యమిచ్చింది. అధ్యక్షత వహించింది అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు. 1978లోనూ, 1983లోనూ ఉదయగిరి ఓటర్లు అసెంబ్లీకి పంపిన నాయకుడాయన. చైనా, రష్యా, పాకిస్థాన్ ప్రతినిధుల ఎదుటే ఉగ్రవాదాన్ని గట్టిగా ఖండించారు. చైనా తలపెట్టిన బెల్ట్ అండ్ రోడ్ పథకానికి మిగతా సభ్యులు మద్దతు పలికినా భారత్ పలకలేదు.

అపోహ: సరిహద్దులో వైరముంటే వ్యాపారం ఆగిపోతుంది.

వాస్తవం: నవంబరు 15న ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందంపై చైనాతో పాటు జపాన్, ఆస్ట్రేలియా కూడా సంతకం చేశాయి. చౌక దిగుమతులు ముంచెత్తుతాయన్న భయంతో మనం 2019లోనే తప్పుకున్నాం. అయినా 2023-24లో చైనా నుంచి మన దిగుమతులు 10,000 కోట్ల డాలర్లు దాటాయి.

అపోహ: రక్షణలో తోడున్న దేశం వ్యాపారంలోనూ కనికరిస్తుంది.

వాస్తవం: 2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అమెరికా అదనపు సుంకం వేసింది. దాంతో మన సరుకుల్లో చాలావాటిపై సుంకం 50 శాతానికి చేరింది. ఆ దెబ్బ మన నెల్లూరు జిల్లా తీరంలోని రొయ్యల రైతులకు తగిలింది.

అందుకే ఎవరి పక్షమని అడిగితే సరైన జవాబు దొరకదు. ఒప్పందం ఏదైనా సరే, అది మనకేమిస్తుంది, మన నుంచి ఏమడుగుతుంది అని విడివిడిగా నిలదీయాలి. ఓటు అడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ ఈ రెండు ప్రశ్నలూ అడగడం మన హక్కు.