బేస్ తీగ ఎక్కడ ఆగాలి

"మాస్టారూ, మావాడికి ఏ గిటారు కొనమంటారు?" అని తండ్రులు అడుగుతుంటారు. మా రాజమండ్రిలో నా దగ్గరికి బేస్ గిటారు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కువగా చర్చిలో పాటలకు వాయించేవాళ్ళే. కంపెనీ పేరు చెప్పే ముందు నేను పిల్లవాడి ఎడమచెయ్యి చూస్తాను.

మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. చిన్న పిల్లలు మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డకమ్మీ) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా వేళ్ళు చాపితే మణికట్టు లాగేస్తుంది. అలాంటివాళ్ళకు 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్ నయం. అది బొమ్మ గిటారేం కాదు. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొనుక్కున్న వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కూడా పొట్టి నెక్‌దే.

మొదటి వాద్యం నాలుగు తీగలది, బ్యాటరీ అక్కర్లేని ప్యాసివ్ రకం చాలు. కొట్లో ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటండి. జుయ్యిమంటే ఎందుకో అడగండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ రెండు, రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తుకు మించితే వేళ్ళు త్వరగా అలిసిపోతాయి. చాలాసార్లు ఇది సెటప్‌తో (అంటే తీగల ఎత్తు, నెక్ సరిచేయడంతో) సర్దుకుపోతుంది. ఖరీదైన బ్రాండ్ కోసం అప్పు చేసేకంటే, మధ్యరకం బేస్ కొని మంచి మెకానిక్ చేత సెటప్ చేయించడమే మేలని నా నమ్మకం. మా గోదావరి గాలిలో తేమ మారినప్పుడల్లా చెక్క నెక్ కాస్త కదులుతుంది కూడా.

మిగిలిన డబ్బుతో హెడ్‌ఫోన్ యాంప్, చెవులను కప్పే హెడ్‌ఫోన్స్ తీసుకోండి. బేస్‌లో అన్నిటికన్నా మంద్రమైన 'ఇ' తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. ఫోన్ స్పీకర్ అంత మంద్రాన్ని పలికించలేదు, దాని పై అనుస్వరాలనే వినిపిస్తుంది. ఇళయరాజా 'గీతాంజలి' పాటలను హెడ్‌ఫోన్స్‌లో, గొంతును పక్కన పెట్టి వినమంటాను. కింద నడిచే ఆ బేస్ వరస పట్టుబడిన పిల్లవాడి కళ్ళలో వెలుగు చూడటం నాకు ఎప్పటికీ ఇష్టం. ఇక సాధారణ గిటార్ యాంప్‌లో బేస్ పెట్టి గట్టిగా వాయించకండి, స్పీకర్ పాడయ్యే ప్రమాదం ఉంది.

పాఠం మొదలయ్యేది ఒక్క స్వరంతో. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, 'ఇ' తీగను మూడో ఫ్రెట్ కమ్మీకి ఆనుకుని వెనకవైపు నొక్కి, చూపుడు వేలితో మీటమంటాను. రెండు దెబ్బలు మోగాలి. తర్వాత ఎడమవేలి ఒత్తిడి తీసేయాలి కానీ వేలు తీగ మీదే ఉండాలి. స్వరం టక్కున ఆగుతుంది. రెండు దెబ్బలు నిశ్శబ్దం. మళ్ళీ, ఈసారి మధ్యవేలితో. కొందరికి ఇది విసుగు. పాటలు నేర్పమంటారు, బొటనవేలితో కొట్టే స్లాప్ నేర్పమంటారు. నేను ఒప్పుకోను. బేస్ మోగించడం ఎవరికైనా వస్తుంది, ఆపడం తెలియనివాడి దగ్గర పాట బురదబురదగా ఉంటుంది.

కుడిచేతికీ ఇదే పని. 'ఎ' తీగను మీటిన వేలు గాలిలోకి లేవకుండా పక్కనున్న 'ఇ' మీద వాలాలి. అలా వాలితే 'ఇ' దానంతటదే మూగబోతుంది. పైస్థాయి తీగలకు వెళ్ళినప్పుడు పికప్ మీదున్న బొటనవేలు 'ఇ' తీగ మీదకు జరగాలి.

డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలొక్కటే వాడేవాడు. ఆయన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు, బ్రిడ్జి మూత కింద ఫోమ్ ముక్క ఉండేవి. స్వరం పొట్టిగా, నిండుగా పలికి ఆగేది. మా పిల్లలను బ్రిడ్జి దగ్గర చిన్న స్పాంజి ముక్క దూర్చి వాయించమంటాను, తేడా ఆ క్షణంలోనే వినబడుతుంది.

ఇంత వచ్చాక డ్రమ్స్ వాయించే పిల్లవాడి పక్కన కూర్చోబెడతాను. కిక్ డ్రమ్ దెబ్బ పడినప్పుడు బేస్ మొదలవ్వాలి, స్నేర్ డ్రమ్ దెబ్బ పడినప్పుడు ఆగాలి. ఈ రెండే చెప్పి, వాళ్ళిద్దరినీ ఓ గంటసేపు వదిలేస్తాను.