తక్బీర్‌తో ఎక్కి, తస్బీహ్‌తో దిగి

చలికాలపు సెలవులలో ఒకనాడు పన్నెండుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని మేము ఉదయగిరి దుర్గం ఎక్కి వచ్చాము. ఆత్మకూరులో ఫజ్ర్ నమాజు ముగించుకొని బస్సెక్కి, ఎండ ముదరకముందే కొండ పాదానికి చేరుకున్నాము. యాభై దాటిన మాకు ఆ కొండను చూడగానే మోకాళ్లు గుర్తుకు వచ్చాయి. పిల్లల కళ్లకు శిఖరం ఒక్కటే కనిపించింది.

నెల్లూరు జిల్లా పశ్చిమ భాగాన 3,079 అడుగుల ఎత్తున నిలిచిన కొండ ఇది. చాలా వైపుల నిట్టనిలువు బండలే. ఎక్కగలిగిన దారులకు ప్రాకారాలు అడ్డుగా కట్టారు. గజపతుల అధీనంలో ఉన్న ఈ దుర్గం సుమారు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో గాని శ్రీకృష్ణదేవరాయలకు స్వాధీనం కాలేదు. అనంతర కాలంలో ఇది గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. కొండపైన ఒక పాత మసీదు ఉంది. ఆ మసీదును కట్టించినవాడు, తోటను నాటించినవాడు షేక్ హుసేన్ అని అక్కడి రెండు పారశీక శాసనాలు తెలుపుతున్నాయి. ఆ మసీదు ఎదుట జుహర్ నమాజు చేయాలన్నది మా సంకల్పం.

దైవప్రవక్త (స) సహచరులు ప్రయాణంలో ఎత్తు ఎక్కేటప్పుడు తక్బీర్, పల్లానికి దిగేటప్పుడు తస్బీహ్ పలికేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం వల్ల తెలుస్తున్నది. తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన ఈ విషయాన్ని ఆనాడు కాళ్లతో నేర్చుకున్నాము. మొదట పిల్లల తక్బీర్ బండలకు తగిలి మారుమోగింది. గంట గడిచేసరికి అది పెదవులపైని ఆయాసమైంది.

ఇక్కడ మా వల్ల ఒక పొరపాటు జరిగింది. బలమైన పిల్లలతో కలిసి మేము ముందు నడిచాము. ఒక పాత ద్వారం వద్ద ఆగి లెక్కపెడితే పదకొండుగురే ఉన్నారు. గుండె జారిపోయింది. పెద్ద పిల్లలను అక్కడే కూర్చోబెట్టి, ఒకరిని తోడు తీసుకొని వెనుకకు దిగాము. అందరికంటే చిన్నవాడు ఒక మలుపులో బండకు ఆనుకొని కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది, సీసా ఖాళీగా ఉంది.

"పిలవలేకపోయావా, నాయనా?" అని అడిగాము.

"మీరంతా నా వల్ల ఆగిపోతారేమోనని, హజ్రత్" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది. నమాజు చేయించే ఇమాము తన వెనుక నిలిచిన బలహీనులను, వృద్ధులను, రోగులను దృష్టిలో ఉంచుకొని తేలికగా చేయించాలన్నది ప్రవక్త (స) ఉపదేశం. నమాజులో పాటించే ఆ నియమాన్ని కొండదారిలో మరిచిపోయాము. నీడలోకి చేర్చి, ఉప్పు, చక్కెర కలిపిన నీటిని గుక్క గుక్కగా తాగించాము. తేరుకోకపోతే అందరం దిగిపోదామని మిగతావారికి కబురు పంపాము. ఎవరూ గొణగలేదు. ముప్పావు గంట తరువాత వాడి ముఖంలోకి రంగు వచ్చింది. "ఎక్కగలను" అని వాడే లేచాడు. అప్పటినుండి వాడిని అందరికంటే ముందు నడిపించాము. మిగిలిన మేమంతా వాడి అడుగును బట్టి నడిచాము.

పైకి చేరేసరికి అనుకున్న వేళ దాటిపోయింది, కాని జుహర్ సమయం ఇంకా మిగిలే ఉంది. సీసాల్లోని నీరు తిరుగుదారికి మాత్రమే సరిపోయేలా ఉంది. దగ్గరలో మరో నీరు కనబడలేదు. ఉన్న నీటితోనే ఉజూ చేద్దామని ఒకరిద్దరు ఉత్సాహపడ్డారు. దాహానికి అవసరమైన నీటిని కాపాడుకొని తయమ్ముమ్ చేయడానికి షరీఅత్ అనుమతి ఉందని చెప్పి, శుభ్రమైన మట్టితో తయమ్ముమ్ చేయించాము. ప్రాణాన్ని కాపాడుకోవడమూ ధర్మంలో భాగమేనని వారికి ఏ గ్రంథమూ అంత స్పష్టంగా బోధించి ఉండదు. మసీదు ఎదుట సఫ్ కట్టి నమాజు చేశాము. చల్లని గాలి వీచింది. షేక్ హుసేన్ నాటించిన తోట ఎక్కడ ఉండేదని పిల్లలు చాలాసేపు వెతికారు.

వెలుగు ఉండగానే తస్బీహ్ పలుకుతూ దిగాము. ఈసారి ప్రతి మలుపులోనూ తలలు లెక్కపెట్టాము. కింద ఉదయగిరిలో ముస్లిం కుటుంబాల స్త్రీలు నర్ది చెక్కతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం అది. మా చిన్నవాడు తన దగ్గరున్న డబ్బుతో అమ్మీకి ఒక గరిటె కొన్నాడు.

పాఠక సోదర సోదరీమణులారా! మీ పిల్లలతో ఈ కొండ ఎక్కాలనుకుంటే చలికాలంలో, తెల్లవారుజామునే బయలుదేరండి. తలకు కనీసం మూడు లీటర్ల నీరు, కొంత ఉప్పు, చక్కెర వెంట ఉంచుకోండి. తీసుకువెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకురండి. పాత గోడలపై పేర్లు చెక్కనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యంగా, మీలో ఎవరు నెమ్మదిగా నడుస్తారో వారినే ముందు నడిపించండి.