ముక్క తీయకుండానే కాలేయ క్యాన్సర్ నిర్ధారణ

కాలేయంలో గడ్డ ఉందని డాక్టరు చెప్పగానే మన ఇళ్లలో వినబడే మాట ఒకటుంది: "సూది గుచ్చి ముక్క తీస్తే అది ఒళ్లంతా పాకుతుందట." ఆ భయంతో కొందరు ఆసుపత్రి గడప తొక్కరు. పసరు మందులతో నెలలు గడిపేస్తారు. అయితే కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకాన్ని చాలామందిలో ముక్క తీయకుండా, స్కాన్‌తోనే నిర్ధారించవచ్చు.

అదెలాగంటే, కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. సుమారు ముప్పాతిక వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతాది ధమని ద్వారా అందుతుంది. క్యాన్సర్ గడ్డ మాత్రం ముఖ్యంగా ధమని రక్తంతోనే పెరుగుతుంది. చేతి నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, సీటీ లేదా ఎమ్మారై యంత్రంతో వెంటవెంటనే చిత్రాలు తీస్తారు. మందు ధమని గుండా చేరగానే గడ్డ చుట్టుపక్కల కాలేయం కంటే తెల్లగా మెరుస్తుంది. కొద్ది నిమిషాల్లోనే కాలేయం తెల్లబడి, గడ్డ నల్లబడుతుంది. ఒక సెంటీమీటరు, అంతకు మించిన గడ్డలో ఈ రెండు గుర్తులూ కనబడితే అది క్యాన్సరేనని డాక్టర్లు దాదాపు నిశ్చయంగా చెప్పగలరు. 2000లో బార్సిలోనాలో సమావేశమైన నిపుణులు ముక్క పరీక్ష లేని నిర్ధారణకు ఆమోదం తెలిపారు. 2011లో అమెరికా రేడియాలజీ కళాశాల లై-రాడ్స్ పేరుతో స్కాన్ చదివే పద్ధతిని రూపొందించింది.

ఇది అందరికీ వర్తించదు. కాలేయం గట్టిపడిన సిర్రోసిస్ రోగులకు, దీర్ఘకాలంగా హెపటైటిస్ బి ఉన్నవారికే ఈ నియమం. మిగతావారిలోను, గుర్తులు స్పష్టంగా లేనప్పుడు ముక్క పరీక్ష అవసరమవుతుంది. రక్తస్రావం, సూది దారిలో కణాలు పడటం వంటి ప్రమాదాలు ఉన్నా అవి అరుదు. డాక్టరు అవసరమని చెబితే కాదనకండి.

సిర్రోసిస్ ఉన్నవారు ఆరు నెలలకొకసారి పొట్ట అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. హెపటైటిస్ బి ఉన్నవారు ఎప్పటి నుంచి చేయించుకోవాలో డాక్టరును అడగాలి. అల్ట్రాసౌండ్ అనుమానాన్నే చెబుతుంది, నిర్ధారణకు కాంట్రాస్ట్ సీటీ లేదా ఎమ్మారై కావాలి. అందుకు సాలూరు నుంచి విజయనగరమో విశాఖపట్నమో వెళ్లవలసి రావచ్చు. విశాఖలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, ఫిల్ములు వెంట తీసుకెళ్లండి. కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి.

ఖర్చు, దూరం కంటే పెద్ద అడ్డంకి సిగ్గు. కాలేయ జబ్బంటే తాగుడే కారణమని మన సంఘాల్లోనూ గుసగుసలాడుకుంటాం. కానీ హెపటైటిస్ బి, సి వైరస్‌లతోను, షుగరు, ఊబకాయం వల్ల కాలేయంలో చేరే కొవ్వుతోను కూడా ఈ జబ్బు వస్తుంది. హెపటైటిస్ బి తల్లి నుంచి బిడ్డకూ సోకుతుంది. అందుకే పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు టీకా వేయించాలి. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను మన దేశంలోనే తయారుచేసి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చింది.

కుష్ఠు రోగులను ఊళ్లు వెలివేస్తే, వారిని చేర్చుకున్న ఫిలడెల్ఫియా ఆసుపత్రి మన సాలూరులోనే ఉంది. సిగ్గు జబ్బును ఎంత ముదరబెడుతుందో ఈ ఊరికి వేరే చెప్పనక్కరలేదు. తాగుడు వల్లే జబ్బు వచ్చినవారైనా మన సహోదరులే. ఆదివారం ప్రార్థన కోసం పేరు ఇచ్చినవారిని ఈసారి స్కాన్ తేదీ కూడా అడుగుదాం. తోడు లేనివారితో మనలో ఒకరం బస్సెక్కుదాం.