అమ్మవారి బంగారానికి అగ్నిపరీక్ష ఎందుకు?

"అమ్మవారికి సమర్పించిన గాజును మా కళ్లముందే కోసి ముక్క తీసినారు. ఇది అపచారం కాదా పంతులుగారూ?" అని గడచిన మార్గశిరంలో ఒక భక్తురాలు నన్ను నిలదీసినది. కానుకల తూకానికి సాక్షిగా కూర్చోమని దేవస్థానంవారు నన్ను కోరిననాటి నుండి ఇట్టి ప్రశ్నను నేను పలుమార్లు విన్నాను. నేను చదువుకొన్నది వ్యాకరణ తర్కాలు, లోహశాస్త్రం కాదు. అయినను అక్కడ కూర్చుండి చూచినదీ, పరీక్షకులను అడిగి తెలుసుకొన్నదీ, పూర్వగ్రంథాలలో చదివినదీ కలిపి దాతలకు విన్నవిస్తున్నాను.

మేలిమి బంగారాన్ని మన పెద్దలు "పదహారు వన్నెల బంగారం" అంటారు. ఇది కవుల అతిశయోక్తి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో బంగారపు మేలిమిని పదహారు వర్ణాలుగా లెక్కించే పద్ధతి ఉన్నది. ఆ వర్ణమే మన నోట వన్నె అయినది. దానిని చూచుటకు సాధనం నికషం, అనగా ఒరగల్లు. నున్నని నల్లరాతిపై నగతో ఒక గీత, మేలిమి ముందే తెలిసిన బంగారపు పుల్లతో ప్రక్కనే మరొక గీత గీసి రెండింటి రంగును పోల్చుతారు. తరువాతి కాలంలో ఆ గీతలపై నత్రికామ్లం అద్దే ఆచారం వచ్చినది; తక్కువ వన్నె గీత ఆమ్లంలో వెలవెలబోతుంది, మేలిమి గీత నిలుస్తుంది.

ఈ పరీక్షలోని మోసాలను కూడా కౌటిల్యుడు దాచలేదు. గోటి సందున జాజుపొడి ఉంచుకొని గీతపై రాల్చువాడున్నాడట! అంతకన్న నాకు ఆశ్చర్యం కలిగించినది మరొక మాట. రంగును హెచ్చుగా చూపే రాయి అమ్మేవానికి హితం, తగ్గించి చూపే గరుకురాయి కొనేవానికి హితం అని ఆయన వ్రాసినాడు. రాయి సైతం పక్షం వహించగలదన్నమాట. సమంగా చూపే రాయియే ఇరుపక్షాలకూ మంచిది.

ఇప్పుడు కానుకల గదిలో ఒరగల్లుకు ముందే ఒక యంత్రం పలుకుతున్నది. దానిని ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం అంటారు. 1895లో జర్మనీ దేశంలో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌కిరణాలే దీనికి మూలం. ఆ కిరణం నగపై పడినప్పుడు పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాను ఒకటి వెలికి ఎగిరిపోతుంది. ఆ ఖాళీలోనికి పై కక్ష్యలోని ఎలక్ట్రాను దిగుతుంది. దిగుతూ తనదైన ఒక ఎక్స్‌కిరణాన్ని విడిచిపెడుతుంది. గర్భాలయపు గంటనూ ధ్వజస్తంభపు చిరుగంటలనూ కన్ను మూసుకొని కూడా పోల్చుకొంటాము గదా! అట్లే రాగికి 8, బంగారానికి 9.7, వెండికి 22 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపున ప్రధానమైన పలుకు ఉన్నది. ఏ పలుకు ఎంత గట్టిగా వినవచ్చినదో లెక్కించి, ఏ లోహం ఎన్ని పాళ్లో యంత్రం ఒకటి రెండు నిమిషాలలో చెప్పగలదు. ఈ పలుకులకూ మూలకాల పరమాణు సంఖ్యకూ గల సంబంధాన్ని 1913లో తేల్చినవాడు మోస్లీ అనే ఆంగ్ల యువకుడు. రెండేండ్లకే, 27 ఏండ్ల ప్రాయంలో, గలిపోలి యుద్ధభూమిలో తుపాకి గుండుకు బలియైనాడు. ఆ సంగతి చదివిన రోజున నాకు భోజనం రుచించలేదు.

యంత్రం కోయదు, కాల్చదు, గీత కూడా పడనీయదు. అది చాలదా అని దాతలు అడుగుతారు. చాలదు. బంగారంలో ఆ కిరణాల రాకపోకలు పైపొరకే పరిమితం; ఇంచుమించు పది మైక్రాన్ల లోతు. మన తలవెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. పైన మేలిమి పూత దట్టంగా ఉన్నచో యంత్రం ఆ పూతనే చదివి, అదే నగ యావత్తు అనుకొంటుంది. లోపల అల్పలోహం, పైన బంగారపు కప్పు అనే ఈ విద్యకు అర్థశాస్త్రంలో పేటకం అనే పేరే ఉన్నది.

పైన చెప్పిన భక్తురాలి విషయంలో జరిగినది ఇదే. అత్తగారు ఇచ్చిపోయిన గాజులను, కుమారుని ఆరోగ్యం కుదుటపడినదని మ్రొక్కు తీర్చుకొనుటకు తెచ్చినది. తూకం 62.40 గ్రాములు. యంత్రం నూటికి 91 పాళ్లు పైగా చూపినది. అయితే పరీక్షకునకు అనుమానం వచ్చి గాజులను నీటిలో తూచినాడు. సిరక్యూజ్ రాజు కిరీటం విషయంలో ఆర్కిమెడీసుకు తట్టినదని చెప్పే ఉపాయమే ఇది. 22 కారట్ల బంగారం నీటికన్న సుమారు 17.8 రెట్లు బరువు. కనుక ఆ గాజులు నీటిలో మూడున్నర గ్రాములు మాత్రమే తగ్గవలెను. నాలుగు గ్రాములకు పైగా తగ్గినవి. (ఈ నీటి తూకాన్నీ పూర్తిగా నమ్మరాదు. టంగ్‌స్టన్ అనే లోహం బరువులో బంగారానికి ఇంచుమించు సమానం. దానిని లోపల పెట్టినచో నీరు పట్టుకోలేదు.) అందువలన కోయవలసి వచ్చినది.

కోసిన ముక్క పావు గ్రాము. దానిని కచ్చితంగా తూచి, తగినంత వెండి చేర్చి, సీసపు రేకులో చుట్టి, ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో ఉంచి, వేయి డిగ్రీలు దాటిన కొలిమిలో పెడతారు. సీసం గాలితో కలిసి మారిపోతూ రాగి మొదలైన హీనలోహాలను తనతో తీసుకొని గిన్నెలోనికి ఇంకిపోతుంది. వెండీ బంగారమూ కలిసిన ఒక చిన్న పూస మిగులుతుంది. దానిని రేకుగా సాగగొట్టి, చుట్టగా చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోతుంది. చివరికి మిగిలేది బంగారం ఒక్కటే. ముందు తూకానికీ దీనికీ గల నిష్పత్తియే మేలిమి. వేయింట ఒక పాలు తేడాను కూడా ఇది పట్టగలదు. మన పుటం పెట్టుటకు ఇది దగ్గరి చుట్టం. రఘువంశం మొదట తన కావ్యాన్ని సజ్జనుల పరీక్షకు అప్పగిస్తూ కాళిదాసు అగ్నిలో బంగారాన్నే పోలికగా తెచ్చినాడు.

ఆ గాజులు నూటికి 75 పాళ్లే తేలినవి. రసీదులో పది గ్రాముల పైచిలుకు బంగారం తగ్గినది. ఆమె కంట నీరు పెట్టుకొని, "నా మ్రొక్కు కొరతపడినట్లేనా?" అని అడిగి, చెవుల కమ్మలు తీయబోయినది. నేను వారించినాను. "అమ్మా, మీరు మ్రొక్కినది మీ అత్తగారి గాజులు. గాజులు ఇచ్చినారు. నలభై ఏండ్లనాడు ఎవడో కంసాలి చేసిన లోపం మీ మ్రొక్కుకు అంటదు" అన్నాను. నా మాట శాస్త్రసమ్మతమేనని ఇప్పటికీ నా నిశ్చయం. అయితే తగ్గిన అంకెను రసీదులో వ్రాయకుండా ఉండుట మాత్రం కుదరదు. దేవద్రవ్యం లెక్కలో లేని బంగారాన్ని ఉన్నట్లు వ్రాస్తే, రేపు కరిగించిననాడు దొంగతనపు నింద నిర్దోషియైన ఉద్యోగిపై పడుతుంది.

దాతలకు నా మనవి. 2021 జూన్ తరువాత కొన్న నగలకు చాలావరకు హాల్‌మార్కు ముద్రతోపాటు ఆరు అక్షరాంకెల గుర్తు ఉంటుంది. 22 కారట్లకు 916 అనే అంకె ఉంటుంది. అట్టివాటికి కొన్న రసీదును జతపరచండి. పాతనగలను సమర్పించేవారు తూకం, కోత పూర్తి అయ్యేవరకు దయచేసి అక్కడే ఉండండి. రాళ్లూ లక్కా ఉన్న నగలకు వాటి బరువు తీసివేసిన తూకాన్ని అడిగి వ్రాయించుకోండి.

ఆ తల్లి వెళ్లబోతూ వెనుదిరిగి, కొలిమిలో పెట్టిన ముక్క ఏమైనదని అడిగినది. ఆమ్లంలో మిగిలిన ఆ కొసరు బంగారాన్ని పరీక్షకుడు కాగితంలో మడిచి, ఆమె పేరూ గోత్రమూ వ్రాసి, గాజులున్న సంచిలోనే వేసి ముద్ర వేసినాడు. అది చూచిన తరువాతనే ఆమె దర్శనపు వరుసలోనికి వెళ్లినది.