పంచదార చిలక, తపసి బంక

తెలుగువారి పెళ్ళి సారెలో పంచదార చిలకకు ఒక పీట ఉన్నది. తెల్లని చిలకలు, వాటి ప్రక్కన గులాబిరంగు గోపురాలు, చేపలు, గుర్రాలు, హంసలు పళ్ళెంలో కొలువుదీరితే పెద్దలు చూచి మురుస్తారు. చిలక ముక్కు ఎప్పుడు విరుగుతుందా అని పిల్లలు కాచుకొని ఉంటారు. బొమ్మ విరిగినందుకు పిల్లవాడు ఏడవక సంతోషించే సందర్భం బహుశా ఇదొక్కటే. చిలకనే ఎందుకు ఎంచుకున్నారంటే, అది మన్మథుని వాహనం, గోదాదేవి చేతి అలంకారం. పెళ్ళికి ఇంతకంటె తగిన పక్షి దొరకదు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవుల అంచుకు వచ్చేసరికి ఈ తీపిబొమ్మకు రెండు సంప్రదాయాలు ఎదురుపడతవి. భద్రాచలం 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. ఆ ఏడు ఖమ్మం జిల్లాలో చేరింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడగా అందులో భాగమైనది. గోదావరి జిల్లాలవారికి అది పంచదార. తెలంగాణలో అది చక్కెర. అక్కడ పెళ్ళికి చిలక. ఉత్తర తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో చక్కెర పేర్లు, అనగా చక్కెర బిళ్ళలను దారానికి గ్రుచ్చినట్లు పోతపోసిన దండలు. పదం వేరు, పండుగ వేరు, పాకం మాత్రం ఒక్కటే.

చక్కెర అన్నమాట సంస్కృత శర్కర నుంచి వచ్చింది. శర్కర అంటే మొదట గులకరాయి, ఇసుకపలుకు అని అర్థం. కౌటిల్యుని అర్థశాస్త్రం చెరకు రసం నుంచి వచ్చే పదార్థాలలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని అయిదింటిని పేర్కొన్నది. అందులోని ఖండమే మన కండచక్కెర. అదే అరబ్బుల నోట, ఫ్రెంచివారి నోట నలిగి ఇంగ్లీషులో క్యాండీ అయి, మిఠాయి కాగితం మీద అచ్చుపడి తిరిగి మన బడిపిల్లల జేబులోకి వచ్చి చేరింది. ఈ మాట చేసిన ప్రయాణం తెలుగు పాఠంలో ఒక గంట చెప్పదగినది.

ఇక చిలకను పోసే విధానం. చూడటానికి సులువు, చేయటానికి కష్టం. చెక్క అచ్చు రెండు తునకలుగా ఉంటుంది. ఒక్కొక్క తునకలో చిలక చెరిసగం బోర్లించినట్లు చెక్కబడి ఉంటుంది. ఈ అచ్చులను ముందుగా నీళ్ళలో నానవేస్తారు. నానని చెక్క పాకాన్ని తన రంధ్రాలలోకి పీల్చుకుంటుంది. బొమ్మ అచ్చును వదలదు, లాగితే తల ఒకచోట, తోక ఒకచోట. నానిన అచ్చులను జతచేసి దారంతో బిగించి, పోతరంధ్రం పైకి ఉండేటట్లు నిలబెడతారు. పంచదారలో నీళ్ళు పోసి కాచి, కొంచెం పాలు చిలకరిస్తే మడ్డి తెట్టెగా తేలుతుంది. దానిని తీసివేసి వడకడతారు. తరువాత మళ్ళీ కాచి, చన్నీళ్ళలో చుక్క వేస్తే మెత్తని ఉండగా కట్టే అదను వచ్చినప్పుడు దించుతారు. అప్పటికి పాకం వేడి సుమారు 115 సెంటీగ్రేడు డిగ్రీలు. గరిటెతో గిన్నె అంచుకు రాస్తూ కలిపితే అద్దంవలె ఉన్న పాకం పాలవలె తెల్లబడుతుంది. ఆ తెలుపు కనిపించిన క్షణాన పోయాలి. లేతపాకమైతే బొమ్మ నిలవదు. ముదిరితే గరిటెలోనే గడ్డకడుతుంది.

దీనికి కారణం విద్యార్థులకు తెలిసిన శాస్త్రమే. మరుగుతున్న 100 గ్రాముల నీరు 480 గ్రాములకు పైగా పంచదారను కరిగించుకోగలదు; అదే నీరు చల్లారితే సుమారు 200 గ్రాములను మాత్రమే ఉంచుకోగలదు. తక్కినది బయటకు రాక తప్పదు. నెమ్మదిగా, కదలకుండా వస్తే పటికబెల్లపు పలుగులవలె పెద్ద స్ఫటికాలు. రాపిడి మీద ఒక్కుమ్మడిగా వస్తే కంటికి ఆనని నలుసులు. ఆ నలుసుల కూర్పే చిలక ఒంటి నునుపు. కొందరు వేసే నిమ్మచుక్క పంచదారలో కొంత భాగాన్ని విడగొట్టి స్ఫటికాలు పెరగకుండా అడ్డుపడుతుంది. ఎక్కువైతే చిలక జిగటబారి అచ్చులోనే కూర్చుంటుంది.

పాకం అనగానే సాహిత్య విద్యార్థికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం జ్ఞాపకం రావడం సహజం. అక్కడి పాకానికి పండటం, పరిపక్వమవటం అని అర్థం, పొయ్యితో సంబంధం లేదు. కాని కవిత్వమైనా చిలకైనా అదను తప్పితే మరమ్మతు లేదన్న పోలికను ఆలంకారికులు కూడ కాదనరు.

ఇంతవరకు చెప్పినది పోతబొమ్మ. చేతితో మలిచే బొమ్మ వేరు. ఖమ్మం బజారులో బేకరీ అద్దాల వెనుక కేకు మీద కూర్చున్న వధూవరులు, ఏనుగుపిల్ల, క్రికెట్ ఆటగాడు పాకంతో పోసినవి కావు. మెత్తని పంచదార పిండిని బంకతో మర్దించి, మైదాముద్దవలె చేసి, వేళ్ళతో వత్తి, ముక్కూ చెవీ అతికించి ఆరబెట్టినవి. స్ఫటికం అచ్చుకు లొంగుతుంది గాని వేలికి లొంగదు. వేలికి లొంగాలంటే పంచదార నలుసుల మధ్య సాగే గుణం ఉన్న పదార్థం ఒకటి ఉండాలి. అదే బంక.

ఈ విద్య యూరపులో పాతది. 17వ శతాబ్దపు తొలి ఏళ్ళలో ఇంగ్లండులో హ్యూ ప్లాట్ అచ్చువేసిన గ్రంథంలోనే ట్రాగకాంత్ బంకను పన్నీటిలో నానవేసి పంచదారతో మర్దించే పద్ధతి ఉన్నది. అంతకు పూర్వమే 11వ శతాబ్దంలో కైరోలో ఖలీఫా విందును చూచిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో, ఆకులు, కాయలు సహా పంచదారతో చేసిన చెట్టును గురించి వ్రాశాడు. ట్రాగకాంత్ ఇరాన్, తుర్కీ కొండలలోని ముళ్ళపొదల నుంచి వస్తుంది, ఖరీదు హెచ్చు. దానికి చౌక బదులుగా 20వ శతాబ్దంలో ప్రపంచ విపణికి ఎక్కినది భారతీయ ట్రాగకాంత్ అని వర్తకులు పేరుపెట్టిన బంక. ఆ దొడ్డపేరు వెనుక ఉన్నది మన తపసి బంక.

భద్రాచలం మన్యంలో, గోదావరికి ఇరువైపుల రాతికొండల మీద తపసి చెట్టు పెరుగుతుంది. పై బెరడు కాగితంవలె పొరలుగా లేస్తుంది. వేసవిలో ఆకులన్నీ రాల్చి తెల్లగా నిలబడుతుంది. కోయలు, కొండరెడ్లు ఈ చెట్టుకు గాటుపెట్టి కారిన బంకను సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దానిని కొని వర్తకానికి పంపే ఏర్పాటు చేసింది. ఈ బంక నీటిలో కరగదు, ఎన్నోరెట్లు ఉబ్బుతుంది. కట్టుడు పళ్ళను నిలిపే పొడిలోను, మందులలోను, యూరపు అనుమతించిన మేరకు కేకుల పైపూతలలోను వాడతారు. ఆహారపు సంకేతాలలో దాని సంఖ్య 416. నిలవ ఉంటే వెనిగర్ వాసన కొడుతుంది. నాజూకు మిఠాయిలవారు అందుకే దీనిని కొంత అనుమానంగా చూస్తారు. ఇప్పుడు కేకుబొమ్మలకు దూది, కలప గుజ్జు నుంచి తీసిన కృత్రిమపు జిగురు కూడ పోటీకి వచ్చింది.

చిలక విరిగితే మరొకటి పోయవచ్చు. తపసి చెట్టు సంగతి అలాకాదు. త్వరగా ఎక్కువ బంక రావాలని గొడ్డలితో బెరడును లోతుగా చెక్కివేయటం చిరకాలం సాగింది. గాయం మానక ఎన్నో చెట్లు ఎండిపోయినవి. తప్పు గొడ్డలి పట్టినవానిదే అనటం తేలిక. ఏరినదానికి ముట్టే వెల స్వల్పమైనప్పుడు, చెట్టుకు రెండేళ్ళు విశ్రాంతి ఇవ్వమని చెప్పటం ఆకలికి ఉపన్యాసం చెప్పటమే. 1990ల నుంచి విశాఖపట్నానికి చెందిన కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు పదునైన చిన్న కత్తితో పైపైన సన్నని గాటుపెట్టటం, గాయాన్ని మాననివ్వటం, బంకను శుభ్రమైన బుట్టలో సేకరించటం నేర్పినవి. గాటు చిన్నదైతే బెరడు తునకలు బంకలో తక్కువ పడతవి. బెరడు తక్కువైతే రంగు తేట. రంగు తేటైతే తరగతి పైది, వెల పైది. చెట్టును కాపాడే గాటే సేకరించినవారికి ఎక్కువ కూలి గిట్టించటం ఈ పద్ధతి నిలవటానికి ఉన్న ఒకే ఆధారం.

మంచి బంక దొరికేది వేసవిలో. తొలకరి పడితే తడికి అది నల్లబడి, దుమ్ము పట్టి క్రింది తరగతికి దిగుతుంది. కనుక ఊళ్ళో పెళ్ళి ముహూర్తాలు దట్టంగా ఉండి చిలకలు పోసేవారికి తీరిక దొరకని నెలలలోనే, కొండ మీద బంక ఏరేవారు కూడ ఆకాశంలో మబ్బు చూచి తొందరపడుతూ బుట్టలు దింపుతుంటారు.