వాయిద్యం నేర్చుకుంటారా? ముందు ఒంటిని అడగండి!

చదువు, ఉద్యోగం, పిల్లల పెంపకం... వీటి మధ్య ఎప్పుడో పక్కన పెట్టేసిన ముచ్చట మళ్లీ గుర్తొస్తోంది. ఇప్పటికైనా ఒక వాయిద్యం నేర్చుకోవాలనిపిస్తోంది. మరి ఏది ఎంచుకోవాలి? చెవికి నచ్చితే సరిపోదు. మోకాళ్లు, భుజాలు, వేళ్లు కూడా ఒప్పుకోవాలి!

కొన్ని ఇళ్లలో అటక మీద ఒక వాయిద్యం ఉంటుంది. ఎంతో ఇష్టపడి కొన్న వీణో, గిటారో. రెండు నెలలు హుషారుగా క్లాసుకు వెళ్తారు. మూడో నెలలో మోకాళ్లు పట్టేస్తాయి, లేదంటే భుజం లాగేస్తుంది. ఒక వారం మానేస్తారు. ఆ వారం కాస్తా ఏడాది అవుతుంది. ‘ఈ వయసులో మనకింకేం వస్తుందిలే’ అనుకుంటూ దానికి గుడ్డ చుట్టి పైకెక్కించేస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు వయసుది కాదు. ఆ వాయిద్యమో, దాన్ని పట్టుకున్న తీరో ఆ ఒంటికి నప్పకపోవడమే.

పెద్దయ్యాక కొత్త విద్య పట్టుబడదన్నది అపోహ. చిన్నపిల్లలంత వేగంగా వేళ్లు తిరగకపోవచ్చు గానీ మెదడు ఏ వయసులోనైనా నేర్చుకుంటూనే ఉంటుంది. 75 ఏళ్లు దాటిన 469 మందిపై అమెరికాలో చేసిన అధ్యయనం ఒకటి 2003లో వెలువడింది. చదవడం, బోర్డు ఆటలు, నాట్యం, వాయిద్యం వాయించడం వంటి అలవాట్లున్న వారిలో మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. వాయిద్యమే మతిమరుపును ఆపుతుందని దీనర్థం కాదు. మెదడుకు పని చెప్పే సరదాల్లో ఇదీ ఒకటని మాత్రం చెప్పుకోవచ్చు.

కింద కూర్చోగలరా?

వీణ, మృదంగం, తబలా, కర్ణాటక పద్ధతి వయొలిన్‌... వీటిని మామూలుగా బాసింపట్టు వేసుకుని కూర్చునే నేర్పిస్తారు. మోకీళ్లు అరిగినవారికి, తుంటి పట్టేసినవారికి ఇదే తొలి అడ్డంకి. కొనేముందే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. వాయిద్యం లేకుండానే 20 నిమిషాలు అలా కూర్చోండి. లేచేటప్పుడు చేతి ఊత కావాల్సి వస్తోందా? కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? అలాగైతే కుర్చీలో కూర్చుని వాయించే వీలున్నది ఎంచుకోవడం మేలు. కీబోర్డు, గిటారు, వేణువు, బల్ల మీద పెట్టుకునే హార్మోనియం ఈ కోవలోవే.

వీణ మీదే మనసుంటే వదులుకోనక్కర్లేదు. స్టాండు మీద ఆనించి, కుర్చీలో కూర్చుని వాయించేవారూ ఉన్నారు. మొహమాటపడకుండా గురువుగారిని ముందే అడగండి. అయినా ఒంటికి వీలుగా పద్ధతి మార్చుకోవడం మన సంగీతానికి కొత్తేం కాదు. పాశ్చాత్యుల వయొలిన్‌ను సుమారు 200 ఏళ్ల క్రితం కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన ఘనత బాలుస్వామి దీక్షితార్‌కు దక్కుతుంది. అక్కడ గడ్డం కింద నొక్కిపెట్టి వాయించే దాన్ని మనవాళ్లు కింద కూర్చుని, ఒక కొసను ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య, రెండో కొసను కుడి పాదం మీద ఆనించుకున్నారు. గమకాలు పలికించడానికి ఎడమ చెయ్యి స్వేచ్ఛగా కదలాలి కదా మరి!

వేళ్లు, మణికట్టు ఏమంటున్నాయి?

వీణలో తీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగాలి. ఆ బరువంతా ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల మీదే పడుతుంది. గిటారు స్టీలు తీగలూ వేళ్లను కోస్తాయి. వేలి కీళ్లు వాచేవారికి, పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయేవారికి ఇవి కష్టం. నైలాన్‌ తీగల గిటారు, నాలుగే తీగలుండే చిన్న ఉకులేలే కొంత సుఖం. కీబోర్డు మీట నొక్కడానికి ఇంకా తక్కువ బలం చాలు.

మధుమేహం ఉన్నవారు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. వేలు ముడుచుకుని టక్కున తెరుచుకునే ట్రిగర్‌ ఫింగర్‌, భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్‌ షోల్డర్‌ వీరిలో ఎక్కువ. వేలి కొసల్లో స్పర్శ తగ్గితే తీగ కోసినా తెలియదు. అందుకే సాధన అయ్యాక రోజూ వేళ్లు చూసుకోవాలి. ఇంట్లో షుగర్‌ చూసుకోవడానికి తీగలు నొక్కే వేళ్లను వదిలేసి, మిగతావాటి పక్కభాగంలో గుచ్చుకోవడం మంచిది.

భుజం ఎంతసేపు ఓర్చుకుంటుంది?

వేణువు తేలికే. కానీ రెండు చేతులూ ఒక పక్కకు ఎత్తిపట్టి, మెడ కాస్త తిప్పి ఉంచాలి. ఇంట్లో అప్పడాల కర్రను వేణువులా పట్టుకుని అయిదు నిమిషాలు ఉండి చూడండి. మెడ లాగుతుంటే ఆలోచించాల్సిందే. పొడవాటి వేణువుకు రంధ్రాలూ ఎడంగా ఉంటాయి. చిన్న చేతులవారు పొట్టి వేణువుతో మొదలుపెట్టడం సుఖం.

చత్వారం వచ్చినవారిలో మెడనొప్పికి కళ్లజోడు కూడా కారణం కావొచ్చు. ప్రోగ్రెసివ్‌ అద్దాలతో స్టాండు మీది పుస్తకం చూడాలంటే తల పైకెత్తాలి. పుస్తకం ఎంత దూరంలో ఉంటుందో కొలిచి కంటి డాక్టరుకు చెబితే, ఆ దూరానికే విడిగా జోడు రాసిస్తారు.

ఊపిరితో వాయించేవైతే...

వేణువు మొదలుపెట్టిన కొత్తలో తల తిరగడం మామూలే. గాలి అతిగా ఊదేయడమే కారణం. కాసేపు ఆపితే తగ్గుతుంది. నాదస్వరం, సన్నాయి వంటి గట్టిగా ఊదాల్సిన వాయిద్యాలతోనే అసలు జాగ్రత్త. అలా ఊదినప్పుడు కంటి లోపలి ఒత్తిడి కాసేపు పెరగొచ్చు. గ్లకోమా ఉన్నవారు, ఈమధ్యే కంటి ఆపరేషనో పొట్ట ఆపరేషనో అయినవారు, హెర్నియా, గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. కట్టుడు పళ్లు కదులుతుంటే ముందు వాటిని సరిచేయించుకోవాలి.

చెవి మాటేమిటి?

వయసుతో పాటు సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు వినపడటం తగ్గుతుంది. వయొలిన్‌కు మెట్లుండవు. స్వరం ఎక్కడుందో చెవే పట్టుకోవాలి. వినికిడి తగ్గినవారికి మెట్లున్న వీణ, గిటారు, లేదా మీటలున్న కీబోర్డు, హార్మోనియం నయం. వినికిడి యంత్రం వాడేవారు అందులో సంగీతానికి వేరే అమరిక ఉందేమో ఆడియాలజిస్టును అడగాలి. యంత్రాలు మామూలుగా మాటలకు తగ్గట్టే సర్ది ఉంటాయి మరి. పక్క ఫ్లాటు వాళ్లు నిద్రపోయాక హెడ్‌ఫోన్లతో కీబోర్డు సాధన చేసేవారు శబ్దాన్ని 60 శాతం దాటనివ్వొద్దు.

ఏ నొప్పి మామూలు? ఏది కాదు?

తీగల వల్ల వేలి కొసలు మండటం తొలి వారాల్లో ఉండేదే. చర్మం కాయకట్టాక తగ్గిపోతుంది. సాధన ఆపినా తగ్గని నొప్పి మాత్రం మంచిది కాదు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు రాత్రిపూట తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నలుగుతోందని అనుమానించాలి. చిటికెన, ఉంగరం వేళ్లకు తిమ్మిరి వస్తే మోచేతి దగ్గర చూడాలి. ‘సాధనలో ఇవన్నీ ఉంటాయి’ అని పళ్ల బిగువున భరించొద్దు. డాక్టరుకు చూపించుకోండి.

వారమంతా వదిలేసి ఆదివారం రెండు గంటలు కూర్చునే కన్నా, రోజూ పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట మేలు. సరళీ స్వరాలు నెమ్మదిగానే వాయించండి. వేగం దానంతటదే వస్తుంది.

కొనడానికి తొందరొద్దు

మొదటి నెల అద్దెకో, తెలిసినవాళ్ల దగ్గర ఎరువుకో తెచ్చుకోండి. ఒంటికి పడుతుందో లేదో ఆ నెలలో తెలిసిపోతుంది. ఆ తర్వాత ఒక్కటే ప్రశ్న: రోజంతా అలసిపోయి వచ్చాక కూడా దాన్ని చేతిలోకి తీసుకోవాలనిపిస్తోందా? అనిపిస్తే కొనేయండి. పెట్టెలో పెట్టి దాచకుండా, కూర్చునే గదిలో చేతికందేలా ఉంచండి.

ఇప్పటికే మీ అటక మీద ఒకటి ఉందా? దాన్ని కిందికి దించి, ముందు కూర్చునే తీరు మార్చి చూడండి. రానిది విద్య కాకపోవచ్చు, కుదరనిది కుర్చీయే కావొచ్చు.